తొలి బండి ఆనవాళ్లు

ఇవాళ పాత కార్ల గురించి మాట్లాడతాను. వాటి అందం గురించి, వాటి ధరల గురించి చాలామంది చెప్పారు. నేను చెప్పబోయేది వేరే సంగతి. ఒక మోడల్ మొట్టమొదట ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు దానికున్న భాగాలు, ఆర్నెల్లో ఏడాదో గడిచాక అదే మోడల్‌కు వచ్చిన భాగాలు ఒకేలా ఉండవు. ఆ తేడాలను ఎలా గుర్తుపట్టాలి, గుర్తుపట్టాక ఏం చేయాలి అన్నదే ఈ ప్రసంగం.

ఈ తేడాలను రాసిపెట్టుకోవడం ఎలాగో ముందు విమానాల దగ్గర చూద్దాం. శంషాబాద్ విమానాశ్రయం 2008 మార్చిలో మొదలైంది. ఆ ఆవరణలోనే విమానాలను విప్పి బాగుచేసే హ్యాంగర్లున్నాయి. జీఎంఆర్ ఏరో టెక్నిక్ వంటి సంస్థలు ఆ పని చేస్తున్నాయి. విమానాల మరమ్మతులో ఒక గట్టి కట్టుబాటు ఉంది. చిన్న వాల్వు మార్చాలన్నా దాని వెంట కాగితం రావాలి. ఎవరు తయారు చేశారు, పార్ట్ నంబరేమిటి, సీరియల్ నంబరేమిటి, ఎవరు పరీక్షించి సంతకం పెట్టారు, అన్నీ అందులో ఉండాలి. కాగితం లేని భాగం ఎంత కొత్తగా మెరుస్తున్నా విమానానికి ఎక్కదు. ఇంకో సంగతి చూడండి. విమానం భాగాల పట్టికలో ఒకే భాగానికి రెండు మూడు వరసలు కనిపిస్తాయి. ఫలానా నంబరు విమానం దాకా ఈ భాగం, ఆ పై నంబరు నుంచి ఆ భాగం అని రాసి ఉంటుంది. అంటే ఒకే పేరుతో, ఒకే రంగుతో పక్కపక్కన నిలబడ్డ రెండు విమానాలు లోపల ఒకటి కావన్నమాట. ఆ సంగతి పట్టిక ఒప్పుకుంటుంది, మెకానిక్‌కు ముందే చెబుతుంది.

విమానాశ్రయం ప్రహరీకి ఇవతల, పాత కర్నూలు రోడ్డు వెంట, సాతంరాయి నుంచి పాలమాకుల దాకా ఉన్న తోటల్లో, పాత ఇళ్ల వసారాల్లో, టార్పాలిన్ కింద నిలిచిపోయిన కార్లు, జీపులు ఉంటాయి. వాటి విషయంలోనూ ఫ్యాక్టరీ ఇదే పని చేసింది. ఫలానా చాసిస్ నంబరు దాకా ఒక రకం, అక్కడి నుంచి ఇంకో రకం. కానీ ఆ పట్టికలు ఎన్నో పోయాయి. ఆర్‌సీ పుస్తకంలో చాసిస్ నంబరు, ఇంజన్ నంబరు, తయారైన ఏడాది ఉంటాయి గాని, ఏ రకం భాగాలు వేశారో ఉండదు. కాబట్టి ఆ బండి సంగతి చెప్పవలసింది దాని భాగాలే.

అసలు మోడల్ మధ్యలో భాగాలెందుకు మారతాయి? ఫ్యాక్టరీ ఏడాదికోసారి ఆలోచించి, ఏడాదికోసారి మార్చదు. బండి రోడ్డెక్కాక లోపాలు తెలుస్తాయి. ఒక భాగం ఖరీదెక్కువని ఎవరో గమనిస్తారు. సరఫరా చేసే కంపెనీ మారుతుంది. యుద్ధం వస్తే లోహం దొరకదు. ఇవన్నీ ఏ బుధవారమో మధ్యాహ్నం జరిగిపోతాయి. లైను ఆగదు, పెట్టెలో భాగం మారుతుంది, అంతే.

ఇందుకు ఫోర్డ్ మోడల్ టీ మంచి ఉదాహరణ. 1908లో మొదలై కోటిన్నరకు పైగా తయారైన బండి అది. అన్నీ ఒకేలా ఉంటాయని పేరు. కానీ మొదటి 2,500 బండ్ల ఇంజన్లకు నీటి పంపు ఉండేది. తరవాత ఫోర్డ్ దాన్ని తీసేశాడు. వేడెక్కిన నీళ్లు వాటంతటవే పైకి లేచి రేడియేటర్‌లో చల్లారి కిందికి వచ్చే పద్ధతి చాలనుకున్నాడు. ఒక భాగం తగ్గింది, ఖర్చు తగ్గింది, చెడిపోయేది ఒకటి తగ్గింది. అంతకన్నా ముందు, మొదటి వెయ్యి లోపు బండ్లలో, కాలికింద రెండు పెడల్స్, చేతికి రెండు లీవర్లు ఉండేవి. తరవాత మూడు పెడల్స్, ఒక లీవరు స్థిరపడ్డాయి. ప్రపంచమంతా చూసిన మోడల్ టీ ఈ రెండోదే. ఇప్పుడు ఆలోచించండి. ఆ తొలి బండ్లలో ఒకటి పల్లెటూరి మెకానిక్ చేతిలో పడితే, పంపు చూసి, ఇది ఎవరో తరవాత తగిలించిన తమాషా అనుకొని పీకేయడానికి ఎంతసేపు పడుతుంది? మామూలు మోడల్ టీకి లేనిది దీనికుందంటే ఇదే తప్పని అనిపిస్తుంది. ఈ విషయంలో నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే. తొలి బండిలో వింతగా కనిపించే భాగం చాలాసార్లు అసలైన భాగం. దాన్ని మామూలు చేయడమంటే ఆ బండిని చెరిపేయడమే.

మన దగ్గరికి వద్దాం. మన పల్లెలకు బాగా తెలిసిన పాత బండి జీపు. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక సైన్యం వదిలించుకున్న జీపులు వేలంలో జనానికి చేరాయి. వాటినే డిస్పోజల్ జీపులనేవారు. 1949లో మహీంద్రా వారు బొంబాయి మజగావ్‌లో విల్లీస్ జీపులను బిగించడం మొదలుపెట్టారు. అడవికి, పొలానికి, ఎన్నికల ప్రచారానికి, కాంట్రాక్టర్ల పనికి, అన్నింటికీ అదే బండి. అంతగా వాడారు కాబట్టే ఒక జీపు భాగాలు ఇంకో జీపుకు చేరిపోయాయి. ఇవాళ విల్లీస్ అని చూపించే బండిలో ముందు భాగం ఒకదానిది, చాసిస్ ఇంకోదానిది, ఇంజన్ మరోదానిది అయి ఉండడం మామూలు.

దాన్ని విడదీసి చదవడం ముఖం దగ్గర మొదలవుతుంది. 1941 చివర్లో విల్లీస్ ఎంబీ తయారీ మొదలైనప్పుడు ముందున్న గ్రిల్ ఇనుప పట్టీలను వరసగా వెల్డింగ్ చేసి కట్టినది. సుమారు 25 వేల బండ్లు అలా వచ్చాయి. అదే సమయంలో అమెరికా ప్రభుత్వం ఫోర్డ్ కంపెనీకి కూడా ఇదే జీపు చేయమని ఆర్డరిచ్చింది. ఫోర్డ్ తన జీపీడబ్ల్యూకు ఒకే రేకును ప్రెస్సులో నొక్కి తొమ్మిది నిలువు చీలికల గ్రిల్ చేసింది. తేలిక, చవక. 1942లో విల్లీస్ కూడా దాన్నే తీసుకుంది. ఇవాళ జీపు ముఖం అని అందరూ ఎరిగినది అసలు జీపు కంపెనీ ఆలోచన కాదు, పోటీగా వచ్చిన ఫోర్డ్ ఆలోచన. యుద్ధం తరవాత జనం కోసం చేసిన సీజే జీపులకు ఏడు చీలికలు వచ్చాయి. కాబట్టి చీలికలు లెక్కపెడితే సగం సంగతి తెలుస్తుంది. పట్టీల గ్రిల్ ఉంటే మరీ జాగ్రత్త, అది తొలి వరస.

వెనక రేకు చూడండి. తొలి రోజుల్లో విల్లీస్, ఫోర్డ్ రెండూ తమ తమ పేర్లను వెనక రేకు మీద నొక్కి ముద్రించేవి. సైన్యానికి అది నచ్చలేదు. 1942 మధ్యకల్లా ఆ పేర్లు పోయాయి. రంగు మందంగా పూసిన బండిలో ఆ అక్షరాలు కంటికి కనబడకపోవచ్చు, వేలికి తగులుతాయి. తరవాత ఎవరో పుట్టీ పెట్టి చదును చేసి ఉంటే లోపలివైపు నుంచి తడిమి చూడాలి.

ఇక కిందికి వంగండి. రేడియేటర్ కింద, చాసిస్ రెండు పట్టాలను కలిపే అడ్డకమ్మి విల్లీస్‌లో గుండ్రటి గొట్టం. ఫోర్డ్‌లో బోర్లించిన కాలువ ఆకారం. ఈ ఒక్క ముక్కతో చాసిస్ ఎవరిదో తేలిపోతుంది. ఫోర్డ్ తన భాగాల మీద ఎఫ్ అక్షరం ముద్రించింది. బోల్టు తల మీద కూడా. ఎవరి భాగానికి ఎవరు జవాబుదారీయో తేలాలన్న ఉద్దేశంతో అలా చేశారని చెబుతారు. ఆ చిన్న అక్షరం కోసం ఇవాళ ప్రపంచమంతా జీపు ప్రేమికులు పాత బోల్టులు వెతుక్కుంటున్నారు. మన జుమ్మెరాత్ బజార్‌లోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో, పాత ఇనుము కాటా దగ్గరో తుప్పు పట్టిన బోల్టుల కుప్ప కనిపిస్తే దాన్ని తిరగేసి చూడకుండా వెళ్లకండి.

అంబాసిడర్ దగ్గర ఇంకో రకం చిక్కుంది. అది మన కళ్లముందే పెరిగిన బండి కాబట్టి అందులో తెలుసుకోవలసిందేముంది అనిపిస్తుంది. 1958 ప్రాంతంలో ఉత్తరపారాలో మొదలై 2014 మే నెలలో ఆగిన బండి అది. మొదటిదానికి మార్క్ అన్న మాటే లేదు. 1960ల మొదట్లో మార్క్ టూ వచ్చాకే పాతదాన్ని మార్క్ వన్ అనడం మొదలైంది. ఆ మార్క్ వన్ లోపలే ఒక పెద్ద గీత ఉంది. మొట్టమొదటి అంబాసిడర్లకు అంతకుముందటి ల్యాండ్‌మాస్టర్ నుంచి వచ్చిన 1,476 సీసీ సైడ్ వాల్వ్ ఇంజన్ ఉండేది. 1959లో దాని స్థానంలో 1,489 సీసీ ఓవర్‌హెడ్ వాల్వ్ ఇంజన్ వచ్చింది. బీఎంసీ బీ సిరీస్ అన్నది అదే. బయటినుంచి చూస్తే రెండూ అదే బండి. బానెట్ ఎత్తితే మాత్రం సందేహమే ఉండదు. సైడ్ వాల్వ్ ఇంజన్ తల చదునుగా ఉంటుంది, స్పార్క్ ప్లగ్గులు పై నుంచి నిలువుగా దిగి ఉంటాయి. ఓవర్‌హెడ్ వాల్వ్‌కు పైన రాకర్ కవరు ఉంటుంది, ప్లగ్గులు పక్క నుంచి బిగిస్తారు.

సైడ్ వాల్వ్ బండ్లు కొద్దికాలమే వచ్చాయి. వాటిలో చాలావాటికి ఆ ఇంజన్ అరిగిపోగానే కొత్తరకం వేయించారు. ఆ తరవాత డీజిల్ వేయించారు. తప్పు పట్టడానికి లేదు, బండి పని చేయాలి, పెట్రోలు భరించాలి. కానీ ఇంజన్ మారినా పాత ఇంజన్ ఆనవాళ్లు బండిలో మిగులుతాయి. ఇంజన్ నిలబెట్టిన బ్రాకెట్ల చోట పాత రంధ్రాలు, ఫైర్‌వాల్ మీద ఇప్పుడు ఏ తీగా వెళ్లని బెజ్జాలు, వాటికి కొట్టిన రబ్బరు బిళ్లలు. బండి ఒళ్లంతా ఉన్న ఖాళీ బెజ్జాలను లెక్కపెట్టి, ఒక్కొక్కటీ ఎందుకుందో అడగడం ఈ విద్యలో సగం. కొన్ని బెజ్జాలు ఫ్యాక్టరీవే అయి ఉంటాయి, ఎడమ స్టీరింగ్ బండికీ కుడి స్టీరింగ్ బండికీ ఒకే రేకు వాడడం వల్ల మిగిలినవి. అవి నున్నగా, ప్రెస్సులో కొట్టినట్టు ఉంటాయి. మనవాళ్లు డ్రిల్లుతో వేసిన వాటి అంచు వేరు. లోపలివైపు గరుకు మిగులుతుంది, ఫ్యాక్టరీ రంగు ఆ అంచు మీద ఉండదు.

ఫియట్ సంగతి కొంచెం తేలిక. 1100 సూపర్ సెలెక్ట్ దాకా ముందు తలుపులు వెనకవైపు కీళ్లకు బిగించినవి, అంటే డ్రైవరు ఎదురుగాలిలోకి తలుపు తీసేవాడు. 1964లో వచ్చిన 1100 డిలైట్ నుంచి తలుపులు ముందువైపు కీళ్లకు మారాయి. అదే బండి 1970లలో ప్రీమియర్ ప్రెసిడెంట్ అయి, 1974 నుంచి ప్రీమియర్ పద్మిని అయింది. మద్రాసు స్టాండర్డ్ హెరాల్డ్ 1961లో రెండు తలుపులతో వచ్చి తరవాత నాలుగు తలుపులకు పెరిగింది. ఇవి దూరం నుంచే తెలుస్తాయి. కష్టమంతా దూరం నుంచి తెలియని వాటి దగ్గరే.

తెలియని వాటిని ఎలా చదవాలో చెబుతాను. ఇంజన్ బ్లాకు, గేర్‌బాక్సు, మానిఫోల్డు వంటి పోత భాగాల మీద ఉబ్బెత్తు అంకెలుంటాయి. అవి పోత నంబర్లు. పార్ట్ నంబరు అనుకోకూడదు. ఒకే పోతను రెండు రకాలుగా చెక్కి రెండు భాగాలు చేయవచ్చు, అప్పుడు పోత నంబరు ఒకటే, పార్ట్ నంబర్లు రెండు. కొన్ని కంపెనీలు పోత పోసిన తేదీ కూడా వేశాయి. జనరల్ మోటార్స్ బండ్లలో ఒక అక్షరం, ఆ తరవాత అంకెలు. ఏ అంటే జనవరి, బీ అంటే ఫిబ్రవరి. తరవాతది రోజు, చివరి అంకె సంవత్సరం. పాత షెవర్లే మీద డీ 17 9 అని ఉంటే ఏప్రిల్ 17, తొమ్మిదితో ముగిసే ఏడాది. అది 1929 అవుతుందా 1939 అవుతుందా అన్నది ఇంజన్ రూపమే చెబుతుంది.

లూకాస్ కంపెనీ వారి డైనమో, సెల్ఫ్ మోటారు, డిస్ట్రిబ్యూటర్ మీద పార్ట్ నంబరుతో పాటు తయారైన కాలాన్ని సూచించే చిన్న అంకెలు ఉంటాయి. గాజు మీద ట్రిప్లెక్స్ ముద్రలో అక్షరాల దగ్గర చుక్కలుంటాయి, అవి ఏడాదిని, ఆ ఏడాదిలో ఏ మూడు నెలలో అన్నదాన్ని సూచిస్తాయి. అద్దం పగలని బండి దొరికితే ముందు అద్దాల మూలలు చూడండి. నాలుగు అద్దాలూ ఒకే కాలానివైతే ఆ బండి మీద నమ్మకం పెరుగుతుంది. ఒకటి మాత్రం పదేళ్లు తరవాతదైతే ఆ వైపు ఎప్పుడో దెబ్బ తగిలిందని అర్థం, అటువైపు తలుపునూ మడ్‌గార్డునూ ఇంకాస్త అనుమానంగా చూడాలి.

తేదీల విషయంలో ఒక సూత్రముంది. భాగం బండి కన్నా ముందు పుట్టాలి. బండి బిగించిన తేదీ కన్నా భాగం తేదీ తరవాతదైతే అది మార్చినదే. వాదన అక్కర్లేదు. మరి ఎంత ముందు ఉండవచ్చు? విదేశాల్లో రాసిన పుస్తకాలు కొన్ని వారాలు, రెండు మూడు నెలలు అంటాయి. అది మన బండ్లకు వర్తించదని నా గట్టి అభిప్రాయం. మన దేశంలో తొలి రోజుల్లో బండ్లు విడి భాగాల పెట్టెలుగా ఓడలో వచ్చేవి. ఓడలో నెలలు, రేవులో రోజులు, ఆ పైన దిగుమతి లైసెన్సుల కాలం. ఇంగ్లండులో ఆ భాగం వాడడం మానేసిన చాలాకాలానికి మన దగ్గర అదే భాగం కొత్త బండిలోకి ఎక్కి ఉండవచ్చు. కాబట్టి విదేశీ పుస్తకం పట్టుకొని, ఈ భాగం ఈ ఏడాదిది కాదు, ఎవరో పాతది తెచ్చి పెట్టారు అని తీర్పు చెప్పకూడదు. మన బండిని మన బండితోనే పోల్చాలి. అదే ఏడాది, దగ్గరి చాసిస్ నంబరు ఉన్న ఇంకో బండిని వెతికి పక్కన పెట్టుకోవాలి. మూడు బండ్లలో అదే వింత కనిపిస్తే అది వింత కాదు, ఫ్యాక్టరీ అలవాటు.

ఫ్యాక్టరీలు గీత గీసినట్టు మారవని చెప్పడానికి ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కథ చాలు. ఆ బండి వెనక అద్దం మొదట నిలువు పట్టీతో రెండు ముక్కలుగా ఉండేది. 1953 మార్చిలో ఒకే అండాకారపు అద్దమైంది. కానీ 1952 అక్టోబరులోనే కొత్త డాష్‌బోర్డు వచ్చేసింది. ఆ అయిదారు నెలల్లో తయారైన బండ్లకు వెనక పాత అద్దం, ముందు కొత్త డాష్‌బోర్డు. ఎరగనివాడు చూస్తే రెండు బండ్లను అతికించారంటాడు. అవి అలాగే పుట్టాయి. 1961లో వచ్చిన జాగ్వార్ ఈ టైప్‌లో మొదటి సుమారు 500 బండ్ల బానెట్ తాళాలు బయటివైపు ఉండేవి, వాటిని తీయడానికి ప్రత్యేకమైన తాళంచెవి కావాలి. తరవాత తాళాలు లోపలికి వెళ్లాయి. తొలి బండ్ల నేల రేకు కూడా చదునైనది. పొడుగు మనుషుల కాళ్లకు చోటు చాలదని 1962లో లోతు పెంచారు. ఆ తొలి బండ్లలో కూర్చోవడం ఇబ్బందే, అయినా ఇవాళ వాటికే విలువ.

మరలు, బోల్టులు కూడా మాట్లాడతాయి. 1948లో అమెరికా, బ్రిటన్, కెనడా కలిసి ఒకే మర కొలతకు ఒప్పుకున్నాయి. అంతకుముందటి బ్రిటిష్ బండికి విట్‌వర్త్ పానాలు కావాలి, తరవాతి వాటికి క్రమంగా కొత్త కొలత వచ్చింది. కొన్ని బండ్లలో ఆ మార్పు సగం సగంగా జరిగింది, శరీరానికి ఒక కొలత, గేర్‌బాక్సుకు ఇంకో కొలత. 1950ల బండి డాష్‌బోర్డులో పోజీడ్రివ్ స్క్రూ కనిపిస్తే, ఆ తల 1960లలో వచ్చినది కాబట్టి, అక్కడ ఎవరో చేయి పెట్టారని తెలిసిపోతుంది. తప్పు మర ఉన్న బోల్టును బలంగా తిప్పి బిగించిన చోట అసలు మర నాశనమైపోతుంది. అందుకే బోల్టు గట్టిగా తిరుగుతుంటే ఆగాలి, దాని మర ఏమిటో చూడాలి.

కొత్తగా పోసిన నకలు భాగాన్ని పట్టుకునే ఉపాయం ఒకటుంది, నాకు చాలా ఇష్టమైనది. ఏదైనా భాగం దొరకనప్పుడు పాత భాగాన్నే నమూనాగా ఇసుకలో నొక్కి కొత్తది పోస్తారు. మన దగ్గర ఫౌండ్రీ పనివాళ్లకు ఇది బాగా తెలిసిన పని, ఎన్నో బండ్లను వాళ్లే బతికించారు. కానీ కరిగిన లోహం చల్లారేటప్పుడు కుంచించుకుపోతుంది. పోత ఇనుము సుమారు నూటికి ఒక వంతు, అల్యూమినియం ఇంకాస్త ఎక్కువ. అసలు ఫ్యాక్టరీలో నమూనాను ఆ మేరకు పెద్దదిగా చేసుకుంటారు. అసలు భాగాన్నే నమూనాగా వాడితే నకలు ఆ మేరకు చిన్నదవుతుంది. 300 మిల్లీమీటర్ల భాగంలో మూడు మిల్లీమీటర్ల తేడా. వెర్నియర్ కాలిపర్స్‌తో కొలిస్తే దొరికిపోతుంది. అక్షరాల అంచులు కూడా మొద్దుబారి ఉంటాయి. నకలు వాడడం తప్పని నేననను. బండి నడవాలంటే వాడక తప్పదు. అది నకలని తెలిసి ఉండాలి, కొనేవాళ్లకు చెప్పాలి.

ఇక హైదరాబాద్‌లో ఈ విద్య నేర్చుకోవడానికి ఒక గొప్ప చోటుంది. చౌమహల్లా ప్యాలెస్‌లో పసుపు రంగు 1912 రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఉంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆర్డరిచ్చారు. బండి వచ్చేనాటికి ఆయన లేరు, 1911లోనే కన్నుమూశారు. లండన్‌లోని బార్కర్ కంపెనీ దానికి శరీరం కట్టింది. వెనక సింహాసనం లాంటి ఎత్తయిన సీటు. ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ దాన్ని దర్బారు సందర్భాలకు తప్ప బయటికి తీయలేదు. అందుకే అది అతి తక్కువ దూరం తిరిగింది. జనం ఆ రంగునూ సింహాసనాన్నీ చూసి వెళ్లిపోతారు. తక్కువ తిరిగిన బండి అంటే తక్కువసార్లు విప్పిన బండి, విప్పని బండిలో భాగాలు తమ కాలాన్ని దాచుకొని ఉంటాయి.

సిల్వర్ ఘోస్ట్ 1906 నుంచి రెండు దశాబ్దాలు తయారైంది, పేరొకటే గాని లోపల ఎన్నో మార్పులు. మొదటి ఇంజన్ 7,036 సీసీ, 1910 నుంచి 7,428 సీసీ. గేర్ల కథ ఇంకా బాగుంటుంది. మొదట నాలుగు గేర్లుండేవి. 1909 ప్రాంతంలో మూడుకు తగ్గించారు, ఇంజన్‌కు అంత బలముంటే నాలుగోది ఎందుకన్నారు. 1912లో ఆల్ప్స్ పర్వతాల్లో జరిగిన పోటీలో జేమ్స్ ర్యాడ్లీ అనే ఆయన తన సొంత సిల్వర్ ఘోస్ట్‌తో దిగాడు. కాట్ష్‌బెర్గ్ కనుమ ఎక్కేటప్పుడు బండి ఆగిపోయి, ఆ నిటారు దారిలో మళ్లీ కదలలేకపోయింది. రోల్స్ రాయిస్‌కు అది పెద్ద అవమానం. మరుసటి ఏడాదికల్లా నాలుగు గేర్ల పెట్టె తిరిగొచ్చింది, 1913 పోటీలో ఆ బండ్లు బ్రహ్మాండంగా ఎక్కాయి. ముందు చక్రాలకు బ్రేకులు 1923, 24 దాకా రాలేదు. ఇప్పుడు ఎవరైనా 1912 సిల్వర్ ఘోస్ట్ అని చెప్పి నాలుగు గేర్లు, ముందు బ్రేకులు చూపిస్తే అడగవలసిన ప్రశ్నలేమిటో మీకు తెలుసు. ఆల్ప్స్‌లో ఒక కారు ఆగిన సంగతి చౌమహల్లాలో నిలబడి ఉన్న కారును చదవడానికి పనికొస్తోంది. రోల్స్ రాయిస్ బండ్లకు మరో అదృష్టం, ప్రతి చాసిస్‌కు ఏ భాగాలు వేసి పంపారో రాసిన కార్డులు ఇంగ్లండులో ఇవాళ్టికీ భద్రంగా ఉన్నాయి. మన అంబాసిడర్‌కో, హెరాల్డ్‌కో అలాంటిది అందరికీ అందుబాటులో లేదు. ఆ లోటును తీర్చాల్సింది మనమే.

చట్టం కూడా ఇప్పుడు ఈ విషయంలోకి వచ్చింది. 2021 జూలైలో కేంద్ర రవాణా శాఖ వింటేజ్ వాహనాలకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, చాసిస్, శరీరం, ఇంజన్‌లలో పెద్ద మార్పులేమీ చేయని బండిని వింటేజ్‌గా నమోదు చేస్తారు. కొత్త నమోదుకు 20 వేల రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది, ఆ తరవాత మళ్లీ నమోదుకు 5 వేలు. కొత్త నంబరులో రాష్ట్రం అక్షరాల తరవాత వీఏ అని వస్తుంది. ఇప్పటికే రిజిస్టర్ అయిన బండి తన పాత నంబరునే ఉంచుకోవచ్చు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతులకు తప్ప రోజువారీ తిరగడానికి కుదరదు. ఇది మంచి నిబంధన అని నేననుకుంటాను. కానీ పెద్ద మార్పు జరిగిందా లేదా అని తేల్చాలంటే అసలు రూపమేమిటో ముందు తెలియాలి. సైడ్ వాల్వ్ ఇంజన్ ఉన్న తొలి అంబాసిడర్‌ను చూసి, ఇంజన్ మార్చేశారని పొరపాటు పడే ప్రమాదముంది. ఓవర్‌హెడ్ వాల్వ్ వేసినదాన్ని చూసి అసలుదేనని ముద్ర వేసే ప్రమాదం అంతకన్నా ఎక్కువ. అప్పుడు యజమాని చేతిలో ఆధారాలుండాలి.

కాబట్టి మీ షెడ్డులో పాత బండి ఉంటే, దాన్ని టింకరింగ్‌కు పంపే ముందు కొంత పని చేయండి. కడగకముందే ఫోటోలు తీయండి. రేకు మీద సుద్దముక్కతో రాసిన అంకె, తలుపు అట్ట వెనక అతికిన కాగితం, తీగల మీద గుడ్డ చుట్టు, అన్నీ కడిగితే పోతాయి. రంగు గీకవలసి వస్తే ఒక మూల రూపాయి బిళ్లంత మేర సన్నని ఎమరీ పేపరుతో నెమ్మదిగా రుద్దండి, ఒకదాని కింద ఒకటి రంగుల వలయాలు బయటపడతాయి. అట్టడుగున రేకుకు అంటి ఉన్న ప్రైమరుకు సరిగ్గా పైన ఉన్నది తొలి రంగు. ప్రతి భాగం మీద నంబరు, తేదీ ముద్ర, ఎక్కడ ఉంది, ఏ బోల్టుతో బిగించి ఉంది రాసుకోండి. బండి అమ్మినవాళ్ల, పాత మెకానిక్‌ల మాటలు కూడా రాసుకోండి. పెద్దాయన ఒకరు, ఈ ఇంజన్ నేనే దించి వేరేది వేశాను అని చెబితే, అది ఏ పోత నంబరు కన్నా గట్టి సాక్ష్యం. ఆయన్ని ఏ ఏడాదిలో, ఎందుకు అని కూడా అడగండి.

తీసిన భాగాన్ని మాత్రం పారేయకండి. అది అరిగిపోయి ఉండవచ్చు, విరిగి ఉండవచ్చు. హ్యాంగర్లో పనికిరాని భాగానికి ఎర్ర ట్యాగు కట్టి, ఎందుకు తీశారో రాసి పక్కన పెడతారు. మీరూ అలాగే ఒక అట్టముక్క కట్టండి. బండి నంబరు, తీసిన తేదీ, కారణం రాసి ఒక పెట్టెలో వేయండి. బండి అమ్మితే ఆ పెట్టె కూడా బండితోనే వెళ్లాలి. డిక్కీలో చోటు లేకపోతే వెనక సీటు మీద పెట్టి పంపండి.

ఇక వింటున్నవాళ్లలో ఒకప్పుడు కార్ల డీలర్ల దగ్గర స్పేర్ పార్ట్స్ కౌంటర్లో పనిచేసినవాళ్లుంటే వారికొక మనవి. మీ దగ్గర పాత పార్ట్స్ పుస్తకాలు, సర్వీసు సర్క్యులర్లు, ధరల పట్టికలు అటకమీద ఉండి ఉంటాయి. ఫలానా చాసిస్ నంబరు నుంచి ఈ భాగం మారింది అన్న ఒక్క వాక్యం ఆ సర్క్యులర్లలో తప్ప ఇంకెక్కడా ఉండదు. వాటిని చెదలకు వదలకండి. స్కాన్ చేసి పాత కార్ల క్లబ్బులకు ఇవ్వండి. చింపిరిగా ఉన్నా సరే, అట్ట పోయినా సరే. మొదటి పేజీ పోయిన పుస్తకంలో కూడా లోపల నంబర్లు ఉంటాయి.